నాకెవరు నేర్పిన్రు?

మా తమ్ముడు చందూర్‌లో పాస్టరు. అక్కడి పాస్టర్లకు శిక్షణ ఇవ్వడానికని పది రోజులు మలావి దేశం వెళ్ళాడు. ఇక్కడ ఇద్దరు పిల్లలు, ఆదివారం ఆరాధన, అన్నీ మరదలి మీదే.

"ఆయన అందరికి నేర్పుతుండు వదినా, నాకెవరు నేర్పిన్రు?" అంది చాయ్ పోస్తూ.

నాకు అజరయ్య గారు గుర్తొచ్చారు. తిరునెల్వేలి నుంచి వచ్చి, తెలుగు నేర్చుకుని, 1912లో దోర్నకల్ బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ ఆయనే. దోర్నకల్‌లో పల్లె బోధకులతోపాటు వాళ్ళ భార్యలకూ చదువు చెప్పించారు.

రాత్రి ఫోన్లో తమ్ముడికి ఈ సంగతి, మరదలి మాటా రెండూ చెప్పాను. కాసేపు మాట్లాడలేదు.

"వచ్చినంక ఇంట్లోనే మొదలువెడ్త అక్కా" అన్నాడు.

మరదలికి ఇంకా చెప్పలేదు. ఆ మాట వాడి నోటే వినాలి కదా!