పిట్టల జలకాలు

మా క్వార్టర్‌లో కుళాయి ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి వస్తుంది. ఖరగ్‌పూర్‌కు కంసాబతి నది నుంచి నీళ్లు తెస్తారు. ఇక్కడివాళ్లు ఆ నదిని కాసాయి అంటారు. వేసవిలో నదిలో ఇసుక తేలుతుంది, మా ఇంట్లో కుళాయి ధార సన్నబడుతుంది. అమ్మ ఆ ధార కింద బిందెలు వరుసగా పెట్టుకుంటే, వాటికంటే ముందు మేమిద్దరం ఒక మట్టి మూకుడు పెట్టేవాళ్లం. అందులో పట్టేది వేలి మందం నీళ్లు. అయినా ఆ మూకుడు మీద నడిచినంత వాదన మా ఇంట్లో ఇంకే విషయం మీదా నడవలేదు.

"ఏటర్రా, మనుషులకే నీళ్లు చాలకపోతుంటే పిట్టలకి జలకాలేటి?" అని శ్రీకాకుళం నుంచి వచ్చిన మా నాయనమ్మ రోజూ అడిగేది.

ఆ పిట్టలు నాలుగు. రెండు జీబ్రా ఫించ్‌లు, రెండు బెంగాలీస్ ఫించ్‌లు. వాటిని మేము కొనలేదు. కింది క్వార్టర్‌లో ఉండే మాషీమా వాళ్లకు ఆద్రా బదిలీ అయినప్పుడు పంజరంతో సహా మాకు అప్పగించి వెళ్లారు. ఆమెకు కూడా అవి, అంతకుముందు అదే బ్లాకులో ఉండి వెళ్లిపోయిన ఒక కుటుంబం దగ్గర నుంచి వచ్చాయట. మనుషులకు ఆర్డర్లు వస్తాయి, పంజరం మాత్రం అదే బ్లాకులో మెట్లెక్కుతూ దిగుతూ ఉంటుంది. సైకిళ్లు, క్యారమ్ బోర్డులు, పూల కుండీలు ఇలా చేతులు మారడం మీలో చాలామంది చూసే ఉంటారు.

మాషీమా వెళ్తూ చెప్పిన జాగ్రత్తల్లో సగం స్నానం గురించే. గిన్నె వెడల్పుగా ఉండాలి, లోతు ఉండకూడదు. స్టీలు పళ్లెంలో కాళ్లు జారతాయి కనుక గరుకుగా ఉండే మట్టి మూకుడు మేలు. పొద్దున పది లోపలే పెట్టాలి, చీకటి పడేసరికి ఈకలు పూర్తిగా ఆరిపోవాలి. సబ్బు, షాంపూ ఏదీ కలపకూడదు. మనం చేత్తో పట్టుకుని కడగకూడదు. స్నానం అవగానే మూకుడు తీసేయాలి, లేకపోతే అందులోనే రెట్ట వేసి ఆ నీళ్లే తాగుతాయి. ఇవన్నీ చెప్పి, బెంగాలీస్ ఫించ్‌లను చూపించి "ఇవి మా బెంగాల్ పిట్టలు" అన్నారు గర్వంగా.

తర్వాత తెలిసింది, ఆ పేరుకూ బెంగాల్‌కూ సంబంధం లేదని. మన మునియా జాతి పిట్టను రెండున్నర శతాబ్దాల క్రితం చైనా నుంచి జపాన్‌కు తీసుకెళ్లి, అక్కడ పంజరాల్లో తరతరాలుగా పెంచితే తయారైన పిట్ట ఇది. జీబ్రా ఫించ్ సొంత ఊరు ఆస్ట్రేలియాలోని ఎండు మైదానాలు. అక్కడ నీటి గుంట దొరకడమే గొప్ప. అందుకేనేమో అది కోడిలా ఒక్కో చుక్క తీసుకుని తల పైకెత్తి మింగదు, ముక్కు నీళ్లలోనే ఉంచి పావురంలా పీల్చుకుంటుంది. మాషీమాకు ఈ విషయం ఉత్తరంలో రాద్దామనుకుని మానేశాం. ఆమె బెంగాల్ పిట్టలు ఆమెకు ఉండనీ.

మా ఇంటికి వచ్చాక అవి తొమ్మిది రోజులు స్నానం చేయలేదు. కొర్రలు తిన్నాయి, నీళ్లు తాగాయి, రాత్రి నాలుగూ ఒకే గూటిలో ఒకదాన్నొకటి ఒరుసుకుని పడుకున్నాయి. మూకుడు దగ్గరకు వచ్చి తొంగి చూసేవి, వెంటనే పై కర్ర మీదకు ఎగిరిపోయేవి. అదే మూకుడు, అదే కుళాయి. మారింది ఒక అంతస్తు, ఇంట్లో మనుషుల గొంతులు. తడిసిన పిట్ట చురుగ్గా ఎగరలేదు. పిల్లికైనా, డేగకైనా అంతకన్నా మంచి అదను దొరకదు. కాబట్టి చోటు మీద నమ్మకం కుదిరేదాకా పిట్ట నీళ్లలో దిగదు. మాకు ఇది నాలుగో స్కూలు, అందుచేత ఈ సంగతి మాకు పెద్దగా వివరించనక్కర్లేకపోయింది.

పదో రోజు మగ జీబ్రా ఫించ్ దిగింది. నారింజ బుగ్గలు, ఎర్ర ముక్కు ఉన్నది అదే. మొదట మూకుడు అంచున కూర్చుని ముక్కు ముంచి అటూ ఇటూ విదిలించింది. రెండుసార్లు వెనక్కి వెళ్లింది. మూడోసారి పొట్ట ఆనేలా నీళ్లలో కూర్చుని, తల ముంచి లేపుతూ వీపు మీదకు నీళ్లు జల్లుకుంది. రెక్కలు అంత వేగంగా కొట్టింది కనుక మాకు పిట్ట కనిపించలేదు, తుంపర మాత్రం కనిపించింది. ఒకటి దిగితే మిగతావి ఆగవు. నాలుగూ ఒకే మూకుడులో తోసుకున్నాయి, గోడ తడిసింది, మా హిందీ నోటుబుక్ తడిసింది. బయటకు వచ్చినప్పుడు ఈకలు ముద్దలు కట్టి, సగం సైజుకు కుదించుకుపోయి, చూస్తే జాలివేసేలా ఉన్నాయి. తర్వాత గంటసేపు ముక్కుతో ఒక్కో ఈకనూ దువ్వుకోవడమే పని.

ఆ దువ్వుకోవడం కోసమే స్నానం అనుకోవచ్చు. పిట్టకు తోక మొదట్లో చిన్న నూనె గ్రంథి ఉంటుంది. ముక్కుతో ఆ నూనె తీసి ఈకలకు రాసుకుంటుంది. దుమ్ము వదిలి, తడిగా ఉన్న ఈకలను సవరించుకోవడం తేలిక. బ్రిటన్‌లోని న్యూకాజిల్ విశ్వవిద్యాలయంలో, మన గోరింక కుటుంబానికి చెందిన స్టార్లింగ్ పక్షుల మీద ఒక పరీక్ష చేసి 2009లో ప్రచురించారు. కొన్నింటికి స్నానానికి నీళ్లిచ్చారు, కొన్నింటికి ఇవ్వలేదు. తర్వాత నిలువుగా వేలాడదీసిన దారాల మధ్య నుంచి ఎగిరేలా చేస్తే, స్నానం లేని పక్షులే దారాలకు ఎక్కువ తగిలాయి. నాయనమ్మకు ఇది చదివి వినిపించాం. పైగా పిట్టకు చెమట పట్టదు, ఎండ 40 డిగ్రీలు దాటితే ముక్కు తెరిచి రొప్పుతుంది, చల్లబడడానికి దానికీ నీళ్లు కావాలి అని కూడా చెప్పాం. ఆమె అంతా విని, "అయితే ఆ మురికి నీళ్లు పారబొయ్యకండి, మందారానికి పొయ్యండి" అంది. తులసికి పోయబోతే మాత్రం ఒప్పుకోలేదు.

మా బ్లాకు వెనక ఎర్రమట్టి నేలలో పిచ్చుకలు దుమ్ములో పొర్లుతుంటాయి. అదీ స్నానమే. పిచ్చుకకు దుమ్మూ నీళ్లూ రెండూ ఇష్టమే. మా ఫించ్‌లకు మాత్రం నీళ్లే కావాలి.

సౌత్ సైడ్‌లో ఒక రిటైర్డ్ గార్డు అంకుల్ దగ్గర పసుపుపచ్చ కెనరీ ఉండేది. దాని స్నానం చూడడానికి రెండుసార్లు వెళ్లాం. అది ఒంటరి పక్షి, తోపులాట లేదు. జనవరి చలిలో మేము స్వెట్టర్లు వేసుకుని వణుకుతుంటే అది ధైర్యంగా నీళ్లలో దూకింది. ఆరాక చాలాసేపు పాడింది. బ్రిటన్ బొగ్గు గనుల్లో విషవాయువు పసిగట్టడానికి 1986 దాకా కెనరీలను పెట్టేవారని అంకులే చెప్పారు. గాలి చెడితే మనిషికన్నా ముందు అది కూలిపోయేదట. దాన్ని అంత సంబరంగా స్నానం చేస్తుంటే చూశాక ఆ మాట మాకు నచ్చలేదు.

నాయనమ్మకు ఇంకో ప్రశ్న ఉంది. అది నీళ్ల ప్రశ్నంత తేలికైనది కాదు. "రెక్కలున్నదాన్ని పంజరంలో పెట్టి తానం చేయిస్తే పున్నెమేటి?" మన మునియాలను, చిలకలను పట్టడం, అమ్మడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. మునియాలకు రంగు పూసి విదేశీ పిట్టలని అమ్మేవాళ్లు కూడా ఉన్నారు. మా నాలుగూ మన అడవుల నుంచి పట్టినవి కావు, పంజరాల్లోనే పుట్టినవి. తలుపు తీస్తే బయట బతకలేవు. అయినా ఆమె అడిగింది తప్పని మేము అనలేం. మళ్లీ ఎప్పుడూ కొత్త పిట్టను కొనకూడదని మాత్రం మాలో మేము అనుకున్నాం.

ఫిబ్రవరిలో నాన్నగారికి రాంచీ ఆర్డర్ వచ్చింది. పిట్టలను తీసుకెళ్దామంటే అక్కడ క్వార్టర్ ఇంకా దొరకలేదు. పక్క క్వార్టర్‌లోని మా స్నేహితుడు తనకే ఇమ్మన్నాడు. మాలో ఒకరికి అదే సరి అనిపించింది. మాషీమా మనకిచ్చినట్టే మనమూ బ్లాకులోనే ఇవ్వాలి కదా. రెండోవారికి అలా అనిపించలేదు. వాళ్ల నాన్నగారికీ బదిలీ ఉద్యోగమే, రెండేళ్లకు పిట్టలకు మళ్లీ కొత్త ఇల్లు. వారం రోజులు వాదించుకున్నాం. నాన్నగారిని అడిగితే, "మీ పిట్టలు, మీరే తేల్చుకోండి" అన్నారు.

చివరకు నింపురాలోని ఒక తాతగారింటికి ఇచ్చాం. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో వాళ్ల తాతలు శ్రీకాకుళం వైపు నుంచి వర్క్‌షాపులో పనికి వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్నారు. ఆ ఇంట్లో ఎవరికీ ఆర్డర్లు రావు. నాలుగో తరగతి చదివే మనవరాలు పిట్టలు చూసుకుంటుంది. స్నేహితుడు మాతో మాట్లాడడం మానేశాడు. మేము ఊళ్లో ఉండగానే పంజరం ఇచ్చేశాం, ఏదైనా తేడా వస్తే పరుగెత్తుకెళ్లి చూడొచ్చని. మూకుడు కూడా పాతదే ఇచ్చాం. నీళ్లు మాత్రం అక్కడ బావివి.

ఆ పాప రోజూ సాయంత్రం ఫోను చేస్తుంది. ఫోను మోగితే ముందు నాయనమ్మే తీస్తోంది. నిన్నటికి ఎనిమిది రోజులు. బాగానే తింటున్నాయట, మూకుడు అంచు మీద రెండు కూర్చున్నాయట, ఒకటి ముక్కు ముంచిందట. ఇంకా దిగలేదు. మా సామాను లారీ ఇరవై రెండో తేదీన వస్తుంది.