గోళీ నిలవని అరుగు

మా అరుగు మీద గోళీ నిలిచేది కాదు. ఎక్కడ పెట్టినా ఒక్క క్షణం ఆలోచనలో పడ్డట్టు ఆగి, మెల్లగా కదిలి, వీధివైపు దొర్లి దుమ్ములో పడేది. ఎదురింటి అరుగు మీద బుద్ధిగా కూర్చునే గోళీలు మా ఇంటికి రాగానే ఎందుకిలా పారిపోతాయో తెలిసేది కాదు. అరుగు వంకరగా కట్టించావని తాతయ్య మీదికే వెళ్ళాను ఒకసారి. "వంకర కాదురా, వాలు. జల్లు కొడితే నీళ్ళు ఇంట్లోకి రావాలా, వీధిలోకి పోవాలా?" అన్నాడు. గోడ దగ్గర్నుంచి అంచుకు వచ్చేసరికి రెండంగుళాలు దిగేది నాపరాయి. ఆ ఏడు కార్తీకంలో ముసురు పట్టినప్పుడు చూశాను. ఎదురింటి అరుగు మీద మడుగు కట్టి, పిల్లలు కాగితం పడవలు వేస్తున్నారు. మా అరుగు మీద మాత్రం కుక్క పడుకుంది, పొడిగా.

గోళీలు నిలవవు కాబట్టి పులీ మేకా ఆడేవాళ్ళం. ఎవరు చెక్కారో తెలియదు, అంచు నుంచి మూడో రాయి మీద ఆట గీతలు ఉండేవి. చింతపిక్కలు మేకలు, గులకరాళ్ళు పులులు. వాలు వాటినేం చెయ్యలేదు.

మా ఊరు సఖినేటిపల్లి నుంచి అంతర్వేదికి పోయే దారిలో. పడమరన వశిష్ఠ గోదావరి, దక్షిణాన సముద్రం. సముద్రం కనబడేది కాదు. మధ్యలో సరుగుడు తోపులు, కొబ్బరి తోటలు. కానీ అది ఉందని మరిచిపోనిచ్చేది కూడా కాదు. నాన్న సైకిలు చువ్వలు, ట్రంకుపెట్టె గొళ్ళెం, మామ్మ ఇనప మూకుడు, అన్నింటికీ ఎర్రగా తుప్పు పట్టించేది. అందుకే కాబోలు, వసారా కట్టించినప్పుడు తాతయ్య ఇనప మేకన్నది వాడనివ్వలేదు. తాడి స్తంభాలు, వాటి కింద చెమ్మ ఎక్కకుండా రాతి దిమ్మలు, పైన తాడి దూలం. కలిపినచోటల్లా కొయ్య చీలలు. వెదురు వాసాలకు కొబ్బరి పీచు తాడు కట్లు. ఏడాదికోసారి వేసవిలో మనిషిని పెట్టి వదులైన కట్లు బిగించేవాడు. ఆ రోజు నేను నిచ్చెన పట్టుకోవాలి. అంటే పట్టుకున్నట్టు నటించాలి.

చూరు బాగా కిందికి ఉండేది. పొడుగు మనుషులు తల వంచకుండా లోపలికి రాలేరు. మా ఇంటికి వచ్చిన కొత్త అల్లుళ్ళందరికీ నుదుటిమీద చిన్న బొప్పి కట్టడం ఆచారంలా ఉండేది. ఎత్తు పెంచమని మామ్మ చాలాసార్లు అడిగింది. "చూరు ఎత్తితే ఎండా వస్తుంది, గాలీ దూరి కప్పు లేపుకుపోతుంది. తల వంచితే ఎవరి సొమ్మూ పోదు" అనేవాడు తాతయ్య. ఆ చూరులోనే కొడవలి, గొడుగు, పంచాంగం, మా చెల్లెలికి దొరక్కుండా నేను దాచుకున్న గోళీల సంచి.

ఇంటికి రెండు మొహాలు. వీధి అరుగు తూర్పున, పెద్ద వసారా దక్షిణాన. ఆ రెండోదాని మీద ఒక తగాదా నడిచిందట. శంకుస్థాపననాడు సిద్ధాంతిగారు దక్షిణాన అంత ఖాళీ వదలకూడదని, తూర్పూ ఉత్తరాలే విశాలంగా ఉండాలని చెప్పారు. "సముద్రం దక్షిణాన పెట్టి గాలిని ఉత్తరాన్నించి రమ్మంటే వస్తుందా బాబూ?" అని అడిగాడట తాతయ్య. చివరికి రాజీ కుదిరింది. తూర్పు అరుగు పేరుకు పెద్దది, దక్షిణపు వసారా నిజానికి పెద్దది. కొలత పట్టి చూసినవాళ్ళెవరూ లేరు.

ఆ వసారా విలువ వైశాఖంలో తెలిసేది. పొద్దున పదింటికల్లా పడమటి గాలి మొదలు. పొయ్యి మీంచి వచ్చినట్టుండేది. మామ్మ పడమటి వైపు వట్టివేళ్ళ తడక కట్టి చెంబుతో నీళ్ళు చల్లుతుండేది. ఇంట్లో ఎవరూ మాట్లాడరు. మధ్యాహ్నం ఎప్పుడో కొబ్బరాకులు ఆగిపోతాయి. అరక్షణం ఏ గాలీ ఉండదు. తర్వాత తోటలో దక్షిణం కొసనున్న చెట్ల తలలు కదిలి, ఆ కదలిక ఒక్కో చెట్టూ దాటుకుంటూ మా వైపు నడిచొస్తుంది. ఒంటిమీద చెమట చల్లబడేలోపే "గాలి తిరిగింది" అని కేక వేసేది మామ్మ. పడుకున్నవాళ్ళు లేచేవారు. పొద్దుటినుంచీ కాలిన నేల పైకి వేడిని ఎగదోస్తే, ఆ ఖాళీలోకి సముద్రం తన చల్లగాలిని పంపుతుందని తర్వాత బళ్ళో చదివాను. పడమటి గాలి గట్టిగా ఉన్న రోజున దానికీ దీనికీ పెనుగులాట. సముద్రం ఆలస్యంగా గెలిచేది. ఒక్కో రోజు గెలిచేది కాదు.

గాలి తిరిగాక దక్షిణపు వసారాలోకి లేసు వచ్చేది. మా వైపు ఆడవాళ్ళకు వీధి అరుగు మీద కూర్చునే అలవాటు లేదు. ఘోషా పాటించే ఇళ్ళు ఇంకా ఉండేవి. వీధి అరుగు మగవాళ్ళది, చుట్ట పొగది, పంచాయితీలది. దక్షిణపు వసారా తోటవైపుకు కాబట్టి ఎవరి కంటా పడదు. పక్కిళ్ళ పిన్నులు, అత్తలు, ఒళ్ళో తెల్లదారం ఉండ, చేతిలో లేసు సూది. ఇళ్ళల్లో చీకటి, పని సన్నం, వెలుతురు కావాలి. అంచున స్తంభాలకు వీపు ఆనించి వరసగా కూర్చునేవారు. కొందరిది చేతిపని, అంటే పువ్వులు అల్లడం. కొందరిది అతుకుపని, ఆ పువ్వుల్ని కలిపి పెద్ద గుడ్డగా చెయ్యడం. చెమట తగిలితే దారం మాస్తుందని మాటిమాటికీ చెయ్యి పమిటచెంగుకు తుడుచుకునేవారు. వేళ్ళు చూడకుండానే తిరిగేవి. కళ్ళు మాత్రం తోటలో ఆడుతున్న మా మీద. ఎవడైనా బావి గట్టెక్కితే సూది ఆగేది కాదు గాని, తిట్టు వచ్చేది.

నర్సాపురం లేసు అని పేరు. పందొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన విద్య, గోదావరికి అటూ ఇటూ ఇళ్ళల్లో పాతుకుపోయింది. ఏజెంటు వచ్చి దారం తూచి ఇచ్చి, లేసు తూచి పట్టుకెళ్ళేవాడు. మా పిన్నులు అల్లిన గుడ్డలు ఏ దేశంలో ఏ బల్ల మీద పరిచారో వాళ్ళకు తెలియదు. మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త 1982లో 'ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' అని పుస్తకం వేసింది. గంటలకొద్దీ చేసే ఈ పనిని ఇల్లాళ్ళ తీరిక కాలక్షేపంగా లెక్కకట్టి, కూలి నామమాత్రంగా ఇచ్చేవారని అందులో ఆవిడ వాదన. చదువుతుంటే నాకు మా వసారానే కనబడింది. "ఏం చేస్తున్నారు?" అని ఎవరైనా అడిగితే, "ఏముంది, కూర్చున్నాం" అనేవారు వాళ్ళు కూడా.

వీధి అరుగుకూ ఏడాదికోసారి పెద్ద పని పడేది. మాఘమాసంలో అంతర్వేది తీర్థం. దశమినాటి రాత్రి స్వామి కల్యాణం, ఏకాదశినాడు రథం. రెండు రోజుల ముందునుంచే బళ్ళూ, నడిచేవాళ్ళూ. చీకటిపడితే ఏ అరుగు దగ్గరైతే ఆ అరుగు మీద పడుకునేవారు. అడిగేవాళ్ళు కాదు, అడగాలని మాకూ తోచేది కాదు. నాపరాయి మాఘంలో మంచుగడ్డలా ఉంటుందని మామ్మ సాయంత్రమే వరిగడ్డి పరిపించి, కాగుతో మంచినీళ్ళు పెట్టించేది. నిద్రపట్టక కిటికీలోంచి చూస్తే, నా పులీ మేకా రాయి మీద ఎవరో ముసలాయన తలపెట్టుకుని పడుకుని ఉండేవాడు. పొద్దున లేచేసరికి ఎవరూ ఉండరు. గడ్డి ఒక మూలకు సర్ది ఉంటుంది. తిరుగు ప్రయాణంలో ఒక్కోసారి అరుగు మీద కాగితం పొట్లం కనబడేది. లోపల జీళ్ళు, ఖర్జూరం. ఎవరు పెట్టారో తెలియదు. చెల్లెలూ నేనూ కొట్టుకునేవాళ్ళం.

తాతయ్య పోయాక 1984లో నాన్న వీధి అరుగు తీయించి శ్లాబు వరండా వేయించాడు, ఇనప గ్రిల్లుతో. ఊరంతా మెచ్చుకుంది. పని పట్టినాయన నది ఇసుక ఖరీదని దగ్గర్లో దొరికే ఉప్పు ఇసుక కలిపాడని చాలా ఆలస్యంగా తెలిసింది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది. ఉబ్బి, చుట్టూ ఉన్న కాంక్రీటును లోపల్నుంచి పగలగొడుతుంది. పదేళ్ళకు పెచ్చులూడి చువ్వలు కనబడ్డాయి.

1996 నవంబరు 6 రాత్రి తుఫాను. నిజమైన దెబ్బ ఐ.పోలవరం, ముమ్మిడివరం వైపు. మాకు తగిలింది దాని చెంగే. ఆ చెంగుకే దక్షిణపు వసారా కప్పు మొత్తం లేచిపోయింది. పెంకులు తోటంతా చెల్లాచెదురు. కానీ ఇంటి మీది పెంకు ఒక్కటీ కదల్లేదు. తెల్లారి చూస్తే తెలిసింది, వసారా వాసాల్ని తాతయ్య ఇంటి వాసాలకు కలపనే లేదు. గోడ మీద విడిగా ఆనించాడు. పోతే అది పోవాలి, ఇల్లు పోకూడదు. శ్లాబు వరండా ఆ రాత్రి చెక్కుచెదరలేదు. మరో ఆరేళ్ళకు ఒక మామూలు మధ్యాహ్నం, గాలి కూడా లేనప్పుడు, దానంతటదే ఒక మూల కూలింది.

ఈ సంగతులన్నీ మొన్న మా మేనల్లుడి వల్ల గుర్తొచ్చాయి. విశాఖపట్నంలో ఇల్లు కట్టుకుంటున్నాడు. ముందు వైపు 'కోస్టల్ స్టైల్' పాటియో కావాలట. ఫోనుకు బొమ్మలు పంపాడు. తెల్లరంగు చెక్క, నీలం దిండ్లు, తాళ్ళతో వేలాడే లాంతర్లు, గాజు గిన్నెలో గవ్వలు. బాగానే ఉన్నాయి. సముద్రం పక్కనున్నవాళ్ళు గవ్వలు గిన్నెలో పెట్టుకోరని మాత్రం అనిపించింది. "వాలెంత పెట్టించావురా?" అని అడిగాను. "ఏ వాలు మావయ్యా?" అన్నాడు. చెప్పాను. పులీ మేకా రాయి గురించీ చెప్పాను. ఆ రాయి తనకు కావాలన్నాడు. పాటియో మధ్యలో పొదిగిస్తాడట.

అరుగు తీసేసిన రోజున నాపరాళ్ళన్నీ పెరట్లో పడ్డాయి. ఊళ్ళో ఉన్న తమ్ముడికి ఫోను చేస్తే మరదలు ఎత్తింది. మూడో రాయి ఇంకా ఉంది, బోరింగు దగ్గర, గీతలు సగం అరిగాయి. సంగతి చెప్పాను.

"పట్టుకెళ్ళమనండి బావగారూ, నాకేం? ముందు ఇంకో ఉతుకుడు రాయి దింపి, తర్వాత దాని మీద చెయ్యి వెయ్యమనండి."