క్లచ్ జారగానే ప్లేట్లు పోయాయనుకోకండి

మన క్యాంపులో ఏ గదిలో అడిగినా ఇంటి దగ్గర ఒక బండి ఉందంటారు. సెలవు మీద వెళ్లినప్పుడు నెలో, రెండు నెలలో మనం నడుపుతాం. మిగతా కాలమంతా తమ్ముడో, కొడుకో నడుపుతాడు. పొలానికి, పాలకేంద్రానికి, ఆసుపత్రికి అదే దిక్కు. అది మొరాయిస్తే ఫోను మనకే వస్తుంది, ఎందుకంటే పైసలు పంపేది మనమే కదా.

మాది 2008లో కొన్న హీరో హోండా స్ప్లెండర్. 2011లో కంపెనీ పేరు హీరో మోటోకార్ప్ అయింది గానీ, మా ఊళ్లో ఇప్పటికీ అది హీరో హోండానే. కువైట్ రాకముందు నేను జగిత్యాలలో మూడేళ్లు బండ్ల షెడ్డులో పనిచేశాను. ఇక్కడ చేసేది ఏసీ డక్టుల పని.

మొన్నొక శుక్రవారం మా అబ్బాయి ఫోన్ చేశాడు. "బాపూ, బండి గుంజుతలేదు. ఎక్సలేటర్ ఇస్తే సప్పుడు పెరుగుతుంది గని ముందుకు పోతలేదు. క్లచ్ ప్లేట్లు పోయినయట, 2,500 అయితయన్నడు" అన్నాడు. అంటే నాకు మూడు రోజుల జీతం. పైగా సోమవారం మా అమ్మను షుగర్ పరీక్షకు జగిత్యాల తీసుకుపోవాలి.

వాడికిప్పుడు 19 ఏళ్లు. 2009లో నేను విమానం ఎక్కినప్పుడు మూడేళ్లు. మా ఇద్దరి మాటలు ఎప్పుడూ రెండు నిమిషాలు దాటవు. "తిన్నవా?" "తిన్న." "కాలేజీకి పోయినవా?" "పోయిన." తర్వాత ఫోను వాళ్లమ్మ చేతికి పోతుంది. ఆ రోజు మాత్రం గంటసేపు మాట్లాడుకున్నాం.

"పైసలు పంపుత గని, ముందుగాల ఒకటి చూడు బిడ్డా. ఇంజన్ బంద్ చెయ్యి, చల్లారనియ్యి. క్లచ్ లివర్ చివర పట్టుకొని మెల్లగ లాగు. గట్టిగ తగిలేదాక ఎంత వదులుగ వస్తున్నది?" అని అడిగాను.

"ఏం వదులు లేదు బాపూ, బిర్రుగ ఉన్నది" అన్నాడు.

జబ్బు అక్కడే ఉంది. లివర్ చివర 10 నుంచి 20 మిల్లీమీటర్ల దాకా, అంటే సుమారు ఒక వేలు మందం వదులు ఉండాలి. అది లేకపోతే మనం లివర్ వదిలినా కేబుల్ క్లచ్‌ను కొంచెం లాగి పట్టుకునే ఉంటుంది. ప్లేట్లు పూర్తిగా అతుక్కోవు, జారుతుంటాయి. ఎక్కుడు దారిలో, ఇద్దరు కూర్చున్నప్పుడు బాగా తెలుస్తుంది. అట్లాగే నడిపితే మంచి ప్లేట్లు కూడా మాడిపోతాయి. వదులు మరీ ఎక్కువైతే ఇంకో తిప్పలు. లివర్ పూర్తిగా పట్టినా క్లచ్ విడవదు, గేరు గట్టిగా పడుతుంది, న్యూట్రల్ దొరకదు, మొదటి గేరు వేయగానే బండి ముందుకు దూకుతుంది.

కెమెరా బండి వైపు తిప్పమని ఒక్కొక్కటీ చెప్పాను. లివర్ దగ్గర రబ్బరు తొడుగు వెనక్కి జరిపాడు. లాక్ నట్టు వదులు చేశాడు. అడ్జస్టర్‌ను లోపలికి తిప్పితే కేబుల్ వదులవుతుంది, బయటికి తిప్పితే బిగుస్తుంది. లోపలికి పూర్తిగా తిప్పినా చాలలేదు. అప్పుడు కేబుల్ ఇంజన్‌ను చేరే చోట ఉన్న నట్లను పానాతో జరిపించాను. వేలు మందం వదులు వచ్చాక రెండు చోట్లా నట్లు బిగించాడు. హ్యాండిల్ ఎడమకు, కుడికి తిప్పి చూడమన్నాను. ఎటు తిప్పినా వదులు ఒకేలా ఉండాలి. కేబుల్ పోగులు తెగి ఉంటే అడ్జస్ట్ చేసి లాభం లేదు, కొత్తది వేయాల్సిందే.

తర్వాత ఖాళీ రోడ్డు మీద నాలుగో గేరులో ఒక్కసారి ఎక్సలేటర్ ఇచ్చి చూడమన్నాను. సప్పుడుతో పాటే వేగం పెరగాలి. పది నిమిషాల్లో తిరిగొచ్చాడు. "గుంజుతుంది బాపూ!" అన్నాడు. వాడి గొంతులో అంత సంతోషం నేను ఫోనులో ఎన్నడూ వినలేదు. సోమవారం మా అమ్మ అదే బండి మీద ఆసుపత్రికి పోయి వచ్చింది.

మిత్రులారా, ఇంకో మాట. ఇట్లాంటి బండ్లలో క్లచ్ ప్లేట్లు ఇంజన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి. కారుకు పోసే కొన్ని ఆయిళ్లలో రాపిడి తగ్గించే మందులు కలుపుతారు. అవి పోస్తే కొత్త ప్లేట్లయినా జారతాయి. డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 అని ఉందో లేదో ఇంట్లోవాళ్లను చూసుకోమనండి. వదులు సరిగా ఉండి, ఆయిల్ సరైనదై, అప్పటికీ జారుతుంటే ప్లేట్లు అరిగినట్టే లెక్క. అప్పుడు మెకానిక్ అడిగిన డబ్బు ఇవ్వడం న్యాయమే.

మరుసటి శుక్రవారం నేను చేయకముందే వాడు ఫోన్ చేశాడు. "బాపూ, చైన్ లొడలొడ అంటుంది, ఎంత టైట్ చెయ్యాలె?" అని అడిగాడు. ముందు బండిని స్టాండు మీద పెట్టమన్నాను.