పాక్ మట్టి

షబ్-ఎ-బరాత్ రాత్రి మేం ఖబరస్తాన్‌కు పోతాం. అగర్‌బత్తీలు, గులాబీ రేకులు, టార్చిలైట్లు పట్టుకొని పోతాం. ఖబర్ల మీద మొలిచిన గడ్డి పీకి, నీళ్ళు చల్లి, ఫాతెహా చదువుతాం. ఎక్కడెక్కడి ఊళ్ళ నుంచో బాయిపనికి వచ్చి ఈ మట్టిలోనే కలిసిపోయిన మా అబ్బాలు అక్కడున్నారు. బతికినన్నాళ్ళు భూమి కిందికి దిగి ఎక్కిన వాళ్ళు. చివరిసారి దిగి మళ్ళీ ఎక్కలేదు.

మూడేళ్ళ కింద ఆ రాత్రి మాకు అగర్‌బత్తి వాసన రాలేదు. కాలిన రబ్బరు, మురిగిన ఆయిలు, పేరు తెలియని ఏదో మందు వాసన వచ్చింది. గోడ అవతల చెత్తడంపు తగలబడుతోంది. దువా చేస్తూ మా ముసలివాళ్ళు దగ్గారు. పిల్లలు ముక్కులకు రుమాళ్ళు కట్టుకున్నారు.

మాది సెంటినరీ కాలనీ. 1889లో ఇల్లందులో సింగరేణి బొగ్గు తవ్వకం మొదలైంది. నూరేళ్ళు నిండిన గుర్తే మా కాలనీ పేరు. ఆ నూరేళ్ళు నిండిన 1989లోనే ఈ దేశంలో ప్రమాదకర వ్యర్థాల మీద మొదటి నియమాలు వచ్చాయి. భోపాల్‌లో విషవాయువు జనాన్ని చంపిన అయిదేళ్ళకు. మా కాలనీ, ఆ చట్టం ఒక ఈడువే. మా గోడ పక్కకు మాత్రం ఆ చట్టం ఎన్నడూ రాలేదు.

డంపు మొదట ఇంతది కాదు. కూరగాయల తొక్కలు, చిరిగిన చెప్పులు, పగిలిన కుండలు వేసేవాళ్ళు. తర్వాత ట్యూబులైట్లు వచ్చాయి. తర్వాత సూదులు, సెలైన్ గొట్టాలు. తర్వాత రాత్రిపూట లారీలు. మూతలు బిగించిన డ్రమ్ములు దించి పోయేవి. అవి ఎవరి లారీలో మాకు తెలియదు. తెల్లారి చూస్తే కొన్ని డ్రమ్ములు పగిలి ఉండేవి. వాన పడితే నల్లటి నీళ్ళు మా గోడ కింద నుంచి వచ్చేవి.

ఖబరస్తాన్‌లో ఒక బోరింగు ఉంది. జనాజా నమాజుకు ముందు దాని దగ్గరే వజూ చేస్తాం. ఆ ఏడు వానల తర్వాత నీళ్ళు పచ్చగా, జిడ్డుగా వచ్చాయి. ఈ నీళ్ళతో వజూ అవుతుందా అని ఒక పిల్లగాడు అడిగాడు. నీళ్ళు దొరకకపోతే మట్టితో తయమ్ముం చేసుకోవచ్చని మౌల్సాబ్ చెప్పాడు. చెప్పి, ఒక్క క్షణం ఆగి, మట్టి కూడా పాక్‌గా ఉండాలె బేటా అన్నాడు. ఆ తర్వాత ఎవరం మాట్లాడలేదు.

డంపు తీసెయ్యాలని కాలనీలో మీటింగు పెట్టారు. మేమూ పోయాం. అందరూ మాట్లాడుతుంటే వెనక నుంచి ఒకాయన లేచాడు.

"డంపుల బ్యాటరీ డొక్కులు ఎవరియి? ఆయిలు డబ్బలు ఎవరియి? సాయబులయే గదా!"

మా తలలు కిందికి దిగాయి. ఎందుకంటే అందులో సగం నిజం.

ఆ సగం నిజం మేమే చెప్తాం. బాయిల నౌకరీ దొరకని మా పిల్లలకు దొరికింది పంక్చర్ షాపు, మెకానిక్ షెడ్డు, కబాడీ తక్కెడ. మీరు పారేసింది ఏరి, విడగొట్టి, అమ్ముకునే పని. మాపటికి కేబులు వైర్లు కుప్పపోసి కాలిస్తే రాగి మిగులుతుంది. పైనున్న ప్లాస్టిక్ కాలితే డయాక్సిన్లనే విషాలు పుడతాయి. పాత బ్యాటరీ పగలగొడితే సీసం వస్తుంది. సీసం పిల్లల మెదడును తింటుంది. ఇంత తక్కువైతే ఫరవాలేదు అనే లెక్క దానికి లేదు. ఆ పొగ ముందు పీల్చింది మా పిల్లలే. ఆ చేతులతో ముందు రొట్టె తిన్నది మేమే. తప్పు చేసినం. ఆ మీటింగు తర్వాత వైర్లు కాల్చడం మానిపించాం. పాత బ్యాటరీలు అమ్మినవాళ్ళే వెనక్కి తీసుకోవాలని 2001లోనే నియమం వచ్చింది. మాకు ఆ ముచ్చట ఇరవై ఏళ్ళు ఎవరూ చెప్పలేదు.

కానీ సూదులు మావి కాదు. డ్రమ్ములు మావి కాదు. ఆ మాట ఆ రోజు గట్టిగా అనలేకపోయాం. వేలు ఒకసారి మన వైపు తిరిగితే నిజం చెప్పినా సాకు చెప్పినట్టే ఉంటుంది. ఇది మాకు అలవాటే. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. నమాజుకు వచ్చిన వాళ్ళే చచ్చారు. పోలీసులు పట్టుకపోయిందీ మా పిల్లల్నే. తర్వాత కోర్టులు వాళ్ళను నిర్దోషులన్నాయి. పోయిన పేరు మాత్రం తిరిగి రాలేదు.

ఏది ప్రమాదకరం, ఎవరు ప్రమాదకరం అని పేరు పెట్టే అధికారం ఎవరి చేతిలో ఉంది? 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాలను మా పిల్లగాడు ఒకడు చదివి వినిపించాడు. కరెంటు కేంద్రాల బూడిద, గని వ్యర్థాల్లో కొన్ని ఆ జాబితాలో ఉండవట. వాటికి పెట్టిన పేరు 'ఎక్కువ పరిమాణం, తక్కువ ప్రభావం'. మన బొగ్గులో వందకు ముప్పై నలభై పాళ్ళు బూడిదే. అందులో ఆర్సెనిక్, పాదరసం, సీసం జాడలుంటాయి. బూడిదకు 1999లో ఒకసారి, 2021లో మరోసారి వేరే ఉత్తర్వులు వచ్చిన మాట నిజమే. అయినా కొండంత బూడిదకు తక్కువ ప్రభావమని పేరు. తక్కెడ పట్టిన మా పోరడికి ప్రమాదమని పేరు.

ఇది మా ఒక్కరి కథ కాదు. 1982లో అమెరికాలో, నార్త్ కరోలినాలోని వారెన్ కౌంటీలో పీసీబీ విషం కలిసిన మట్టిని పూడ్చడానికి నల్లవాళ్ళు ఎక్కువగా ఉండే చోటు ఎంచుకున్నారు. జనం లారీలకు అడ్డంగా రోడ్డు మీద పడుకున్నారు. 500 మందికి పైగా అరెస్టయ్యారు. విషం పోయే తోవకూ మనిషి రంగుకూ సంబంధం ఉందని లోకం అప్పుడు గట్టిగా విన్నది. భోపాల్ కార్ఖానాలో మిగిలిన 337 టన్నుల విషాన్ని నలభై ఏళ్ళకు, 2025 జనవరిలో, పీథంపూర్‌కు తీసుకుపోతే అక్కడి జనం మాకొద్దని రోడ్డెక్కారు. వాళ్ళ భయం మాకు అర్థమవుతుంది. మా గోడ పక్క నుంచి తీసి ఇంకో పేదోడి గోడ పక్కన పెడితే మేం గెలిచినట్టా?

దరఖాస్తు రాసే నాడు అసలు పరీక్ష వచ్చింది. మా దోస్తులే, మా మంచి కోరేవాళ్ళే, ఒక మాట అన్నారు. "ఖబరస్తాన్ ముచ్చట రాయకుండ్రి భాయ్. మతం గొడవంటరు. పని కాదు. మీ సంతకాలు గూడ కిందికి పెట్టుండ్రి."

మేం ఆలోచించాం. వాళ్ళు అన్నది అబద్ధం కాదు. మా పేర్లు పైన ఉంటే కాగితం పక్కకు పోవచ్చు. కానీ ఖబరస్తాన్ మాట తీసేస్తే ఆ బోరింగు ఎక్కడిదని రాయాలి? ఆ వాసన ఎవరి అబ్బా మీది నుంచి వచ్చిందని రాయాలి?

అప్పుడు దళితవాడ నుంచి వచ్చిన ఒక అన్న లేచాడు. "మా అమ్మను గూడ ఆ గోడ పక్కనే బొంద పెట్టినం. మాదీ రాయుండ్రి" అన్నాడు. ఇంకొకాయన తన చేని బాయి సంగతి రాయమన్నాడు. కాగితంలో అన్నీ ఎక్కాయి. ఖబరస్తాన్ బోరింగు, దళితుల బొందలగడ్డ, చేని బాయి, కాలనీ పిల్లలు ఆడుకునే జాగ. సంతకాలు ఎవరు ముందు వస్తే వాళ్ళవి ముందు. ఉర్దూలో ఒకటి, తెలుగులో ఒకటి, వేలిముద్రలు చాలా.

డంపు మీద మట్టి పోశారు. వాసన తగ్గింది. డ్రమ్ములు కిందనే ఉన్నాయి. విషాన్ని పూడ్చాలంటే అడుగున బంకమట్టి, దాని మీద మందపాటి ప్లాస్టిక్ పొర, ఊరిన నీటిని పట్టే గొట్టాలు, చుట్టూ నీళ్ళు పరీక్షించే బాయిలు ఉండాలి. అట్లాంటి జాగ హైదరాబాద్ దగ్గర దుండిగల్‌లో ఉంది. మా దగ్గర ఉన్నది ఒక గుంత, పైన ఎర్రమట్టి, ఆ మట్టి మీద ఇప్పుడు మొలిచిన తుమ్మచెట్లు.

మళ్ళీ షబ్-ఎ-బరాత్ వస్తుంది. ఇప్పుడు మేం ఇంటి నుంచి బిందెలతో నీళ్ళు మోసుకొని పోతున్నాం. మేం అడిగేది పెద్దదేం కాదు. ఆ డ్రమ్ములు తియ్యండి. ఆ బోరింగు నీళ్ళు పరీక్షించి, ఏమున్నదో మా అందరి ముందు చదివి వినిపించండి. అందులో మా తప్పు ఉంటే ఒప్పుకుంటాం. మీ తప్పు ఉంటే మీరూ ఒప్పుకోండి. రేపు మమ్మల్ని పెట్టేది ఆ మట్టిలోనే. అది పాక్‌గా ఉండాలి.