తాగుడు రక్తంలో వున్నదా?

జనగామలో తెలుగు పాఠాలు చెప్పుకునే నాకు శరీరశాస్త్రంతో పనేమిటని మిత్రులు అడగవచ్చు. మహబూబాబాద్ తండాల నుంచి వచ్చే విద్యార్థి నాలుగు రోజులు కనపడకపోయినా, భూపాలపల్లి గనికార్మికుని కొడుకు ఫీజు కట్టలేకపోయినా అధ్యాపకుల గదిలో కారణం సిద్ధంగా వుంటుంది: "తాగుడు వాళ్ల రక్తంలోనే వుందండీ." యీ మాట అనేవారిలో కొందరు సాయంత్రం తాము సేవించేదాన్ని తాగుడు అనరు, పార్టీ అంటారు. నేరం పుట్టుకతోనే వస్తుందన్న తర్కం మీదనే 1871లో నేరస్థజాతుల చట్టం వచ్చింది. 1952లో చట్టం పోయింది గాని తర్కం పోలేదు.

సహోద్యోగుల మాటయితే తోసిపుచ్చవచ్చు. కాని ఆ మాటనే వొక బంజారా విద్యార్థి ప్రశ్నగా తెచ్చాడు. "సార్, మా తాత తాగి పోయిండు. మా నాయినా అట్లనే పోయిండు. నాకు గూడ వస్తదా?" పద్యానికి ప్రతిపదార్థం చెప్పినట్టు దీనికి జవాబు చెప్పటానికి వీల్లేదు. చదవవలసి వచ్చింది.

తాగిన మద్యాన్ని కాలేయం రెండు మెట్లలో విరుస్తుంది. మొదటి ఎంజైము దాన్ని ఎసిటాల్డిహైడ్ అనే విషంగా మారుస్తుంది. రెండవది ఆ విషాన్ని నిరపాయమైన ఎసిటేట్‌గా మారుస్తుంది. చైనా, జపాన్, కొరియా ప్రజల్లో మూడోవంతుకు పైగా జనానికి యీ రెండవ ఎంజైము పుట్టుకతోనే బలహీనం. నాలుగు గుక్కలకే ముఖం కందిపోతుంది, గుండె దడ, వికారం. అందువల్ల వారిలో తాగుబోతులు తక్కువ. తాగుడు మాన్పించటానికి డాక్టర్లు యిచ్చే డైసల్ఫిరామ్ మాత్ర చేసే పని కూడా యిదే, ఆ ఎంజైమును అడ్డుకోవటం.

మన దేశంలో యీ బలహీనరూపం చాలా అరుదు. అంటే ప్రకృతి పెట్టిన ఆ కంచె దొరకూ లేదు, కూలికీ లేదు, మా అధ్యాపకుల గదికీ లేదు!

వారసత్వం అసలు లేదని అనటం కూడా శాస్త్రీయం కాదు. తాగుడు వ్యసనంలో మనిషికీ మనిషికీ వుండే తేడాలో దాదాపు సగం పుట్టుకనుంచి వస్తుందని కవలల మీద జరిగిన పరిశోధనలు చెబుతున్నాయి. అది వొక్క జన్యువు పని కాదు, అనేకం తలా కొంచెం చేస్తాయి. కుటుంబాలలో దిగివచ్చే యీ ముప్పును కులానికి, తెగకు అంటగట్టడమే అపచారం. అమెరికాలో షుకిట్ అనే వైద్యుడు తాగుబోతుల కొడుకులను యేళ్ల తరబడి పరిశీలించాడు. తక్కువ మత్తు యెక్కేవారే తర్వాత యెక్కువగా వ్యసనపరులయ్యారు. "యెంత తాగినా నాకేం కాదు" అనేది మగతనానికి గుర్తని మన వూళ్లలో మురిసిపోతారు. నిజానికి అది ప్రమాద సూచన. మా విద్యార్థికి యిదే చెప్పాను: నీకు రాసిపెట్టి లేదు, కాని నీ స్నేహితునికంటే నువ్వు యెక్కువ జాగ్రత్తగా వుండాలి, మొదలుపెట్టకపోవటమే మేలు.

జపాను వుదాహరణ మరీ విలువైనది. అక్కడి వ్యసనపరులలో ఆ బలహీనమైన ఎంజైము వున్నవారు 1979లో నూటికి 2.5 మంది. 1986లో 8, 1992లో 13. పదమూడేళ్లలో జాతి జన్యువులు మారవు. సమాజంలో తాగే తీరు మారింది, కంచె కూలింది.

మరి మన దగ్గర? నల్లబెల్లం, పటిక వేసి కాచిన గుడుంబా తండాకు యే దారిన వచ్చిందో, నైజాం నాటి ఆబ్కారీ ఆదాయం యెవరి కష్టం మీద నిలిచిందో, బొగ్గుగనిలో షిఫ్టు దిగిన మనిషికి సారా దుకాణం తప్ప మరేమి తెరిచి వుండేదో అడిగేవారు తక్కువ. మన సాహిత్యం కూడా తాగినవాణ్ణే బోనులో నిలబెట్టింది. కాళ్లకూరి 'మధుసేవ' ఆ కోవలోదే. సారా వేలం పాడిన గుత్తదారు రంగస్థలం యెక్కటం అరుదు.

గుత్తదారును గుర్తుపట్టింది నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు. 1992లో వారి పోరాటం రాష్ట్రమంతటా పాకింది, 1993 అక్టోబరులో సారా ఆగింది. 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997లో పోయింది. నేడు తెలంగాణలో మద్యం టోకు వ్యాపారం ప్రభుత్వ సంస్థదే. దుకాణాల లైసెన్సుకు లాటరీ తీస్తారు. దరఖాస్తు రుసుముల వసూలే వందల కోట్ల వార్త అవుతుంది. ఆ వార్త చదివిన రోజున అధ్యాపకుల గదిలో యెవరూ రక్తం మాట యెత్తలేదు.