మిలిటరీ అన్న నడుము

పోస్టు కొంచెం పొడుగు. మీ క్యాంపులో మిలిటరీ చేసి వచ్చి గేటు కాడ సెక్యూరిటీ డ్యూటీ చేసేవాళ్లుంటే చదివి వినిపించండి.

మా రూములో ఆరుగురం. ఐదుగురం సైటు మీద, ఆరో ఆయన సెక్యూరిటీ. ప్రకాశం జిల్లా మనిషి, పదిహేడేళ్లు ఆర్మీలో చేశాడు. పన్నెండు గంటలు నిలబడి వచ్చాక మంచం మీద కూర్చోవడానికే రెండు నిమిషాలు పడుతుంది. మంచు కొండల పోస్టింగులో బరువుతో జారి పడ్డాడు. ముందు నడుము పోయింది, తర్వాత కుడి తుంటి.

రిటైరయ్యేటప్పుడు మెడికల్ బోర్డు రెండూ కలిపి 30 శాతం అని రాసింది. కిందనే ఇంకో ముక్క: సర్వీసు వల్ల వచ్చిందీ కాదు, సర్వీసులో పెరిగిందీ కాదు. ఇంగ్లీషులో దాని పొట్టి పేరు నానా. ఆ ముక్క పడితే శాతం ఎంతున్నా డిసెబిలిటీ పెన్షన్ రాదు. లేబర్ నిచ్చెన మీంచి పడితే ‘నొప్పి ఇంటికాడ నుంచే తెచ్చుకున్నాడు’ అని రాస్తారే, అచ్చం అట్లనే.

మొదటి అప్పీల్ ఒక్క పేజీ లెటరుతో కొట్టేశారు. రెండో అప్పీల్‌కు ఆరు నెలలే టైము. అన్నేమో వద్దన్నాడు. ‘అన్నం పెట్టిన ఫౌజు మీద ఏం కొట్లాడతాం’ అంటాడు. ఊరికి ఫోన్ చేస్తే వదిన ఒకటే మాట చెప్పింది: ‘తమ్ముడూ, మేం నిటారుగా ఉన్న మనిషిని పంపాం. వంగిపోయి వచ్చాడు.’

చదువుకుంటూ పోతే సుప్రీంకోర్టు చెప్పింది కూడా అదే. 2013లో ధరంవీర్ సింగ్ కేసు. చేరేటప్పటి మెడికల్‌లో జబ్బు రాసి లేకపోతే, తర్వాత వచ్చినదాన్ని సర్వీసు వల్లే అనుకోవాలి. కాదంటే నిరూపించాల్సింది డిపార్ట్‌మెంటే, డాక్టర్లు కారణం కూడా రాయాలి. అన్న బోర్డు కాగితంలో కారణం అనేదే లేదు.

ఇంకోటి 2014 డిసెంబరు 10న రామ్ అవతార్ కేసు. 20 శాతానికి తగ్గకుండా ఉండి, 50 లోపు అయితే 50గా లెక్క. అంటే అన్న 30 కూడా 50 అవుతుంది, చివరి జీతంలో 15 శాతం బతికినంత కాలం. అయితే 2023 సెప్టెంబరు 21 నుంచి రూల్స్ మారాయి. ఆ తర్వాత రిటైరైనవాళ్లు కొత్తవి చూసుకోవాలి. అన్న అంతకు ముందే వచ్చేశాడు.

మూడు శుక్రవారాలు కూర్చున్నాం. వదిన ట్రంకు పెట్టె తీసి చేరినప్పటి మెడికల్, ఇంజురీ రిపోర్టు, ఆస్పత్రి చీటీలు ఫోటోలు పంపింది. పడిన తేదీ, పోస్టింగు తేదీ పక్కపక్కన రాశాం. మాలో డిగ్రీ తప్పినవాడు ఒకడున్నాడు, ఇంగ్లీషు వాడిది, టీ ఖర్చు మాది. అన్న సంతకం చేసిన కాగితాలు ఊరికి పంపితే వదిన రిజిస్టర్ పోస్టు చేసింది. ఇదీ పోతే సాయుధ బలగాల ట్రిబ్యునల్ ఉంది, అక్కడా ఆరు నెలలే. మీకు లెటరు వస్తే ముందు తేదీ చూడండి, కవరు కూడా పారేయకండి.

జవాబు ఇంకా రాలేదు. అన్న ఈ రాత్రి కూడా డ్యూటీకే పోయాడు. గేటు కాడ ఒక కుర్చీ వేయించమని సైట్ ఇంజనీరును అడుగుతున్నాం.