డొల్ల మోత

మా బాపు శ్రీరాంపూర్ బొగ్గుబాయిల్లో ముప్పైనాలుగేళ్లు పనిచేశాడు. తట్టా చెమ్మసుతో బాయి దిగినవాడు, పరీక్ష పాసై మైనింగ్ సర్దారుగా రిటైరయ్యాడు. సర్దారు పని ఏమిటో మా కాలనీలో పసిపిల్లల్ని అడిగినా చెబుతారు. ఇతర ఊళ్లవారి కోసం రెండు ముక్కలు. అందరికంటే ముందు లోపలికి వెళ్లి, గ్యాసు ఉందేమో చూసి, కర్రతో పైకప్పును కొట్టి వినాలి. గట్టి బండ అయితే ఖంగున మోగుతుంది. వదులైతే డొల్ల మోత వస్తుంది. ఆ మోత వస్తే ఒక్క మనిషిని కూడా ముందుకు పోనివ్వకూడదు. కంటికి మాత్రం రెండు బండలూ ఒకేలా ఉంటాయి సుమండీ!

2023 డిసెంబరులో ఆయనకు న్యుమోనియా వచ్చింది. గోదావరి వంతెన దాటి కరీంనగర్ చేరేసరికి ఊపిరి అందడం లేదు. ఒక ఆసుపత్రిలో ఐ.సి.యు.లో పెట్టి, నోట్లో గొట్టం వేసి, వెంటిలేటరుకు తగిలించారు. ఛాతీలో చేరిన నీరు తీయడానికి పక్కటెముకల మధ్య మరో గొట్టం. అవి పీక్కుంటున్నాడని రెండో రోజు చేతులు మంచానికి కట్టారు. ఆ గుడ్డ కట్లు చూసి అవ్వ బయటికి వచ్చి బెంచీ మీద కూలబడింది.

మూడో రోజుకు మత్తుమందు పెంచారు. పెనుగులాట ఆగింది. కట్లు విప్పారు. మానిటరు మీద అంకెలన్నీ బుద్ధిగా కూర్చున్నాయి. నాకెంత సంతోషమో! "బాపు నిమ్మళంగ పండుకున్నడు" అని చుట్టాలందరికీ ఫోన్లు చేశాను.

నా సంతోషానికి అడ్డుపడింది ఒక మళయాళీ సిస్టరు. చిన్నపిల్ల. వచ్చీరాని తెలుగు. బాపును పక్కకు తిప్పుతూ, "ముఖం చూడండి సార్" అంది. కనుబొమలు ముడిపడ్డాయి. మోచెయ్యి వంచబోతే కండ బిగుసుకుంది. వెంటిలేటరు కీచుమంది. మాట్లాడలేని రోగికి నొప్పి ఉందో లేదో ఇలాగే పట్టాలట. ముఖం, కదలిక, కండరాల బిగువు, యంత్రంతో పొసగడం, ఈ నాలుగింటికీ తలా రెండు మార్కుల చొప్పున మొత్తం ఎనిమిది. మూడు దాటితే, ఆ మాటకొస్తే మూడు వచ్చినా, నొప్పి ఉన్నట్టే అనుకోవాలి. మా బాపుకు అయిదు వచ్చాయి. నాడి, బి.పి. సరిగా ఉన్నాయి కదా అన్నాను. అవి చూసి మాత్రమే నొప్పి లేదని చెప్పడానికి వీల్లేదంది. ముందు నొప్పి తగ్గించి, తరువాతే మత్తు సంగతి చూడాలట. మేము తెలియక తలకిందులుగా సంతోషించాం.

మత్తుకు వేరే కొలత. పోట్లాడే రోగికి ప్లస్ నాలుగు, తట్టి కుదిపినా పలకనివాడికి మైనస్ అయిదు, మెలకువగా శాంతంగా ఉంటే సున్న. బడిపంతులునై ఉండి, సున్న వస్తే సంబరపడే పరీక్ష నేనెన్నడూ చూడలేదు! మత్తు తగ్గించాక మైనస్ రెండుకు వచ్చాడు. పిలిస్తే కళ్లు తెరిచి, చూసి, మళ్లీ మూసేవాడు.

అప్పుడు అసలు పరీక్ష. ఆమె బాపు చెయ్యి పట్టుకుని, "నేను 'ఏ' అన్నప్పుడల్లా నొక్కండి" అని చెప్పి పది ఇంగ్లీషు అక్షరాలు నెమ్మదిగా చదివింది. వాటిలో 'ఏ' నాలుగుసార్లు వస్తుంది. బాపు ఒక్కసారి నొక్కాడు, అదీ 'టీ' దగ్గర. తరువాత ప్రశ్నలు, అవునో కాదో తల ఊపితే చాలు. "నీళ్లలో రాయి తేలుతుందా?" బాపు అవునన్నట్టు ఊపాడు. సిస్టరు ముఖం చిన్నబోయింది. అవ్వకు మాత్రం కోపం వచ్చింది. "శ్రీరాముని పేరున్న ఊరోడు, రాయి తేలుతదనక ఏమంటడు? సేతువు ఎట్ల కట్టిన్రట?" అని నిలదీసింది. పాపం ఆ పిల్లకు అర్థం కాలేదు. కాని సముద్రంలో చేపలుంటాయా అంటే కూడా బాపు లేవన్నాడు. దానికి అవ్వ దగ్గర జవాబు లేకపోయింది.

దీన్ని డెలీరియం అంటారు. మన పెద్దలు సంధి అన్నది దీనికి దగ్గరిదే కాబోలు. అయితే సంధి అంటే కేకలు, ప్రేలాపన అనుకుంటాం. ఐ.సి.యు.లో ఎక్కువమందికి వచ్చేది నోరు మెదపని రకం. అందుకే ఎవరి కంటా పడదు.

ఆ తరువాత ఈ సంగతులు కొన్ని చదివాను. 1952లో కోపెన్‌హాగెన్‌లో పోలియో ప్రబలినప్పుడు, ఊపిరాడనివారికి వైద్య విద్యార్థులు వంతులవారీగా చేత్తో సంచి నొక్కుతూ గాలి ఊదారట. ఆ ఉపాయం చెప్పిన ఇబ్సెన్ అనే డాక్టరే మరుసటి ఏడు ఇటువంటి వార్డు ఒకటి పెట్టాడు. ఊపిరి నిలబెట్టడం అప్పుడే నేర్చారు గాని, గొట్టం వేసిన మనిషి మనసు ఎక్కడుందో మంచం దగ్గరే అడిగి తెలుసుకునే ఈ చేతి పరీక్ష వచ్చింది 2001లో. అర్ధశతాబ్దం పట్టింది!

డాక్టరుగారు మత్తుమందు మార్చారు. కొన్ని రకాల మత్తుమందులే ఈ తికమకను పెంచుతాయట. దీనికని నమ్మకమైన మందు మాత్రం లేదన్నారు. సిస్టరు మాకొక పని చెప్పింది. ఇంటినుంచి బాపు కళ్లద్దాలు, గోడగడియారం తెమ్మంది. పగలు లైట్లు, రాత్రి చీకటి. నేను వెళ్లినప్పుడల్లా చెవి దగ్గర, "బాపూ, పొద్దుగాల ఏడయింది. మొదటి షిఫ్టోళ్లు దిగిన్రు. నువ్వు కరీంనగర్ దవాఖానల ఉన్నవ్" అనేవాణ్ణి. ఆమె ప్రతి పూటా అదే పది అక్షరాలు చదివేది. ఆరో రోజున నాలుగు 'ఏ'లకూ చెయ్యి నొక్కాడు. రాయి తేలదన్నాడు. అవ్వ ముఖం తిప్పుకుంది.

గొట్టం తీసిన మరునాడు, బొంగురు గొంతుతో ఆయన చెప్పిన మొదటి సంగతి ఇది:

"బాయిల ఉన్న బిడ్డా. పైకప్పు డొల్ల మోత మోగుతాంది. మెసిలితె కూలుతదని ఊపిరి బిగవట్టి పన్న. మీరేమో కింద నిలవడి నవ్వుకుంట ఫోన్లు మాట్లాడుతాన్రు. ఉరుకున్రి అని ఒర్లుదామంటె నోరు రాదాయె."

ఆ ఫోన్లు ఏవో నాకు తెలుసు. నిమ్మళంగ పండుకున్నడని నేను చేసినవే.

ఇంటికి వచ్చి నాలుగు నెలల దాకా ఆయన లోపలి గదిలో పడుకోలేదు. చలిలో కూడా వరండాలోనే. ఇటువంటి భయాలు ఇంటికొచ్చాక కూడా కొన్నాళ్లుంటాయని సిస్టరు ముందే చెప్పింది గనుక మేము బలవంతపెట్టలేదు. ఏప్రిల్‌లో ఒక రాత్రి తనంతట తానే లోపలికి వచ్చి, స్లాబు వంక చాలాసేపు చూసి, తన చేతికర్ర నాకిచ్చాడు.

"కొట్టు. నేనింట."

స్టూలెక్కి కొట్టాను. ఇంకో మూల కొట్టమన్నాడు. కొట్టాను. ఫ్యాను పక్కన ఇంకోసారి అన్నాడు. అవ్వ, "ఇరుగుపొరుగు లేస్తరు" అని గొణుగుతూనే స్టూలు కదలకుండా పట్టుకుంది. బాపు తల పక్కకు వంచి విన్నాడు.

"మంచిగనే ఉన్నది," అని మంచమ్మీద కాళ్లు చాపుకున్నాడు.